పాత డబ్బాలు, అట్టపెట్టెలతో పిల్లలు బొమ్మలు చేయాలంటే ముందు అతకడం నేర్పండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాపకి నాలుగేళ్లు, బాబుకి ఎనిమిది. కొన్ని నెలలుగా సీసాలు, మూతలు, అట్టపెట్టెలు పారేయకుండా దాచారు, ఒక వీడియో చూసి సీసాతో రాకెట్ చేద్దామని ముగ్గురూ కూర్చున్నారు, పది నిమిషాలకే పాప లేచి వెళ్లిపోయింది, ఇంకాసేపటికి బాబు "నాకు రాదు పో" అని విసిరేశాడు, చివరికి ఆ రాకెట్ మీరే పూర్తి చేసి అల్మారా పైన పెట్టారు. పిల్లలకి ఆసక్తి లేదా, ఐడియా బాలేదా, దాచిన సామానంతా తీసి పారేయాలా అని అడిగారు.

పారేయకండి. నేను పద్దెనిమిదేళ్లుగా పిల్లలతో ఈ పనే చేస్తున్నా, మూడేళ్ల వాళ్ల దగ్గర్నుంచి పదమూడేళ్ల వాళ్ల దాకా. మీరు రాసింది నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. బాబు విసిరేసిన ఆ క్షణం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. దానికి ముందు ఏం జరిగింది? నా అంచనా, ఏదో ఊడిపోయి ఉంటుంది. రెక్క అతికించాడు, ఊడింది, ఇంకాస్త గమ్ పూశాడు, జారింది, చేతులన్నీ జిగట, రెక్క వేళ్లకి అంటుకుంది గానీ సీసాకి అంటుకోలేదు. పిల్లలకి ఐడియాల కరువుండదండీ, ఖాళీ పెట్టె చేతికిస్తే నిమిషంలో అది బస్సవుతుంది, ఇంకో నిమిషంలో ఇల్లవుతుంది. వాళ్లు ఆగిపోయేది అతుకు దగ్గర. రెండు ముక్కల్ని గట్టిగా కలపడం తెలిస్తే మిగతాది వాళ్లే చూసుకుంటారు, తెలియకపోతే ఎంత మంచి వీడియో చూపించినా ఆ పని తిరిగి మీ చేతికే వస్తుంది. అందుకే నేను రాకెట్ చేయడం, ఏనుగు చేయడం అని నేర్పను, అతకడం నేర్పుతా.

ఒకసారి ఏం జరిగిందో చెప్తా. ఆరేళ్ల పాప, టాయిలెట్ పేపర్ అయిపోయాక మిగిలే అట్టగొట్టం ఉంటుంది కదా, దాన్ని ఒక అట్టముక్క మీద నిలబెట్టాలని చూస్తోంది, లైట్‌హౌస్ అట. గొట్టం అంచు చుట్టూ గమ్ పూసింది, నిలబెట్టింది, చెయ్యి తీసింది, పడింది. మళ్లీ గమ్, మళ్లీ పడింది. మూడోసారికి పెదవి వణకడం మొదలైంది. నేను ఆ గొట్టం ముట్టుకోలేదు. ఇంకో గొట్టం తీసుకుని తన పక్కనే కూర్చుని, కింది అంచు చుట్టూ వేలు వెడల్పంత దూరంలో కత్తెరతో ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు గాట్లు పెట్టి, ఆ ముక్కల్ని బయటికి మడిచాను, పువ్వు రేకుల్లా విచ్చుకున్నాయి. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పాప కాసేపు చూసింది, తన గొట్టానికి గాట్లు పెట్టింది, ఒక రేకు సన్నగా ఒకటి వెడల్పుగా, అన్నీ మడిచి గమ్ రాసి నొక్కి మెల్లగా చెయ్యి తీసింది. నిలబడింది. ఆ తర్వాత గంటసేపు తల ఎత్తలేదు, దొరికిన ప్రతి గొట్టాన్నీ నిలబెట్టింది, లైట్‌హౌస్ పక్కన ఊరు, ఊరికి కంచె, కంచెకి గేటు.

అంచు మందం మిల్లీమీటరు కూడా ఉండదు, గమ్ పట్టుకోవడానికి అక్కడ చోటేది? రేకులు మడిచేసరికి పదిహేనింతలకి పైగా చోటు వచ్చింది, అంతే. దీన్ని మేం రేకుల అతుకు అంటాం. పిల్లలకి పేరు పెట్టి చెప్తే బాగా గుర్తుంటుంది, "రేకులు పెట్టనా, గాడి పెట్టనా" అని వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు.

రెండోది గాడి, అంటే అంచు నుంచి లోపలికి కోసే సన్నని సందు. రెండు అట్టముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరాలంటే రెండిటికీ సగం లోతు గాడి పెట్టాలి, ఒకదానికి పై నుంచి, ఇంకోదానికి కింద నుంచి. గమ్ చుక్క కూడా అక్కర్లేదు. ఇందులో కిటుకంతా వెడల్పులో ఉంది. గాడి వెడల్పు సరిగ్గా అట్ట మందమే ఉండాలి, మామూలు పార్సిల్ పెట్టె అట్ట అయితే మూడు నాలుగు మిల్లీమీటర్లు. చాలామంది ఒక్క గాటు పెట్టి వదిలేస్తారు, అప్పుడు అట్ట దూరదు, బలవంతంగా తోస్తే వంగిపోతుంది. ఇంకొందరు వేలు పట్టేంత పెద్దగా కోసేస్తారు, అది ఊగుతుంది. అట్టముక్కని నిలువుగా పెట్టి దాని అంచు చుట్టూ పెన్సిల్‌తో గీసి ఆ గీతల లోపలే కోయమనండి, కొలతలతో పని లేదు. నాలుగు కాళ్ల జంతువు ఏదైనా ఈ ఒక్క అతుకుతో అయిపోతుంది, ఒళ్లు ఒక ముక్క, ముందు కాళ్లు ఒక ముక్క, వెనక కాళ్లు ఒక ముక్క. రాకెట్ రెక్కలు కూడా, దాని సంగతి చివర్లో చెప్తా.

మూడోది మూల ముక్క. రెండు గోడలు కలిసే చోట లోపలి వైపు ఎల్ ఆకారంలో మడిచిన అట్ట అతికిస్తే గోడలు పడిపోవు. దీన్ని కొత్తగా మడవక్కర్లేదు, ప్రతి పెట్టెకీ మూలలు ముందే మడిచి ఉంటాయి, పాత పెట్టె పారేసేముందు మూలలన్నీ రెండేసి అంగుళాల ముక్కలుగా కోసి ఒక డబ్బాలో వేసి పెట్టుకోండి, పిల్లల చేతిలో అది బంగారంలా పనికొస్తుంది.

నాలుగోది కీలు, అంటే కదిలే అతుకు. చెయ్యి ఊపే బొమ్మ, తలుపు తెరిచే ఇల్లు, నోరు తెరిచే మొసలి. తలుపైతే టేపు ఒక వైపు వేస్తే నాలుగుసార్లకి ఊడుతుంది, రెండు వైపులా వేయాలి, మధ్యలో వెంట్రుకంత సందు వదలాలి, సందు లేకపోతే తలుపు మడత పడదు. చెయ్యో కాలో ఊగాలంటే రెండు ముక్కలకీ చిల్లు పెట్టి దారం దూర్చి అటొక గుండీ ఇటొక గుండీ వేసి ముడేస్తే చాలు. ముడి మరీ బిగించకూడదు, బొమ్మ చెయ్యి పైకెత్తి వదిలితే దానంతట అది కిందికి రావాలి.

ఐదోది కట్టు, దారంతో గానీ రబ్బరు బ్యాండుతో గానీ కట్టేయడం. న్యూస్ పేపర్‌ని మూల నుంచి ఏటవాలుగా సన్నని పుల్ల చుట్టూ బిగుతుగా చుట్టి కొసన టేపు వేసి పుల్ల లాగేస్తే గట్టి కర్ర తయారవుతుంది, పిల్లలకి ఇది మొదటిసారి చూపించినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి, చిరిగిపోయే కాగితం కర్ర ఎలా అయిందని. అలాంటివి నాలుగు కట్టి చతురస్రం చేయమనండి, నొక్కితే పక్కకి వాలిపోతుంది. మూడు కట్టి త్రిభుజం చేయమనండి, ఎంత నొక్కినా ఆకారం మారదు. మీరు చెప్పకండి, వాళ్లే కనిపెట్టాలి. ఇక్కడ అరవింద్ గుప్తా గారిని తలుచుకోకుండా ఉండలేను, ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజనీర్, పనికిరాని వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయడానికే జీవితం పెట్టిన మనిషి, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన బొమ్మల్లో బాగా పేరొచ్చిన ఒకటి అగ్గిపుల్లలతో చేసేది, పుల్లల్ని కలపడానికి సైకిల్ వాల్వ్ ట్యూబ్ చిన్న చిన్న ముక్కలుగా కోసి వాడతారు. గమనించండి, అగ్గిపుల్ల అందరి దగ్గరా ఉన్నదే, ఆయన కనిపెట్టింది ఆ అతుకు.

ఇప్పుడు సామాను గురించి. దేని స్వభావం ఏంటో తెలిస్తే సగం ఏడుపులు తగ్గుతాయి. పార్సిల్ పెట్టె అట్టనే తీసుకోండి, రెండు కాగితాల మధ్య అలలు అలలుగా ఇంకో కాగితం ఉంటుంది. ఈ అలల కాగితానికి 1856లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నది పొడుగు టోపీల లోపల అస్తరు వేయడానికి, 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ దాన్ని సీసాలు పగలకుండా చుట్టడానికి వాడాక ప్యాకింగ్‌లోకి వచ్చింది. మనకి కావాల్సిందేంటంటే అలలు పోయే దిక్కులో అట్ట తేలిగ్గా మడత పడుతుంది, అడ్డంగా మడవబోతే నలిగి వంకర పోతుంది. అలాగే అలలు నిలువుగా ఉండేలా నిలబెడితే బరువు మోస్తుంది, అడ్డంగా పెడితే చప్పున చతికిలపడుతుంది. కుర్చీ కాళ్లు, వంతెన స్తంభాలు కోసేటప్పుడు అలలు పై నుంచి కిందికి ఉండేలా చూసుకోవాలి. రెండు ముక్కలు రెండు రకాలుగా నిలబెట్టి బాబునే అరచేత్తో నొక్కి చూడమనండి, ఒక్కసారి చాలు. మడత నీట్‌గా రావాలంటే స్కేలు పెట్టి ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా ఒక గీత లాగి అప్పుడు మడవాలి, కత్తి అక్కర్లేదు.

కాగితానికీ ఒక దిక్కుంటుంది. న్యూస్ పేపర్ సాధారణంగా పై నుంచి కిందికి చింపితే పట్టీల్లా చక్కగా వస్తుంది, అడ్డంగా చింపితే పామల్లే వంకరగా పోతుంది. కాగితం గుజ్జు బొమ్మలకి పట్టీలు చింపే పని మీ నాలుగేళ్ల పాపకి అప్పజెప్పండి, తనకి దాన్ని మించిన ఆట లేదు.

ప్లాస్టిక్ దగ్గరే అందరూ దెబ్బతింటారు. మీ రాకెట్ కూడా సీసాతోనే అన్నారు కదా. తెల్ల గమ్ ఆరడం అంటే అందులోని నీళ్లు బయటికి పోవడం, కాగితం, అట్ట, గుడ్డ, చెక్క ఆ నీళ్లని పీల్చుకుంటాయి, ప్లాస్టిక్ పీల్చుకోదు, అందుకే ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ అతికిస్తే రోజంతా ఉంచినా ఎండాక పెచ్చులా ఊడొస్తుంది. సీసా అడుగున త్రిభుజంలో ఒక నంబరు ఉంటుంది చూడండి, 1988 నుంచి వాడుతున్న గుర్తులు అవి. 1 అంటే నీళ్ల సీసాలు, కూల్ డ్రింక్ సీసాలు చేసే ప్లాస్టిక్, అది డెబ్భై డిగ్రీలు దాటితే మెత్తబడి ముడుచుకుపోతుంది, కాబట్టి గ్లూ గన్ పెడితే పల్చటి సీసా వంకర పోతుంది. 2, 5 నంబర్ల ప్లాస్టిక్‌కి, అంటే చాలా మూతలూ గట్టి డబ్బాలూ వాటిలోవే, ఇంట్లో ఉండే గమ్ ఏదీ సరిగ్గా పట్టదు. వాటితో కుస్తీ పట్టకండి, చిల్లు పెట్టి దారంతో కట్టండి, లేదా గాడి పెట్టండి. 3, 6 నంబర్లవి వేడి చేయనే వద్దు, పొగ మంచిది కాదు. థర్మాకోల్ 6వ నంబరే, దాన్ని వేడి తీగతో కోయడం పిల్లల దగ్గర వద్దు, స్ప్రే పెయింటూ సూపర్ గ్లూ లాంటివీ దాన్ని తినేస్తాయి కూడా. ప్లాస్టిక్ మీద వాటర్ కలర్ నిలవదు, ముందు గమ్‌తో ఒక పొర న్యూస్ పేపర్ అంటించి అది ఎండాక రంగేస్తే ఎంచక్కా పడుతుంది.

గమ్ ఎంత రాయాలనేది పిల్లలకి మాటల్లో చెప్తే ఎక్కదు. సీసా చేతికివ్వకండి, ఒక మూతలో కొంచెం పోసి పాత బ్రష్షో దూది పుల్లో ఇవ్వండి. పల్చగా రాసి బట్టల క్లిప్పు పెట్టి వదిలేయడం అలవాటు చేయండి, క్లిప్పు అంటే మూడో చెయ్యి. వీడియోల్లో ఆరే టైమంతా కట్ చేసేస్తారు, అతికించగానే నిలబడినట్టు కనిపిస్తుంది, మన పిల్లలది నిలబడకపోతే తప్పు తమదే అనుకుంటారు పాపం. "గమ్ ఆరడానికి టైం పడుతుంది, రాత్రంతా క్లిప్పు ఉంచుదాం, రేపు చూద్దాం" అని ముందే చెప్పండి. గమ్ ఇంట్లోనే చేసుకోవాలంటే ఒక కప్పు గోధుమ పిండి ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న మూడు కప్పుల నీళ్లలో పోసి చిక్కబడేదాకా తిప్పి చల్లారనిస్తే మంచి జిగురు, చెంచా ఉప్పు వేస్తే బూజు తొందరగా రాదు, ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులుంటుంది. దాంతో కాగితం పొరలు వేసేటప్పుడు ఒక పూటకి రెండు మూడు పొరలే వేసి పూర్తిగా ఎండాక తర్వాతవి వేయండి, ఒకేసారి పది పొరలు వేస్తే పైన ఎండి లోపల తడి ఉండిపోయి బూజు పడుతుంది. గోధుమ పడని పిల్లలుంటే ఈ జిగురు వద్దు.

చక్రాల గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే ఎనిమిదేళ్ల అబ్బాయి ఇవాళ రాకెట్ అన్నా రేపు కారే అడుగుతాడు. మూతలతో చేసిన కారు కదలకపోవడానికి నేను చూసినంతలో రెండే కారణాలు. ఒకటి, చిల్లు మధ్యలో లేదు, చక్రం కుంటుతుంది. మూతని కాగితం మీద పెట్టి చుట్టూ గీసి ఆ గుండ్రం కత్తిరించి సగానికి మడిచి మళ్లీ సగానికి మడిచి విప్పితే మడతలు కలిసే చోటే మధ్య, ఆ కాగితం మూత మీద పెట్టి అక్కడ గుర్తు పెట్టుకోవాలి. చిల్లు మీరు పెట్టండి, దబ్బనంతో, మూత కింద చెక్క ముక్క పెట్టి. రెండోది ఇరుసు. పుల్ల చక్రానికి బిగుసుకుపోయి ఉండాలి, కానీ కారుకి అంటకూడదు. కారు కింద స్ట్రా ముక్క అతికించి అందులోంచి పుల్ల దూర్చి అటూ ఇటూ మూతలు పెడితే పుల్లా చక్రాలూ కలిసి తిరుగుతాయి. పిల్లలు చాలాసార్లు పుల్లనే తీసుకెళ్లి కారుకి అతికించేస్తారు. అప్పుడు "తప్పు" అనకండి, "ఏది తిరగాలి? దాన్ని ఏం పట్టుకుంది?" అని అడగండి. మీ వాడు కారుని తిరగేసి వేలితో చక్రం తిప్పి చూసి ఆగిపోతాడు, అలా ఆగినప్పుడు వాడిలో జరిగే ఆలోచన కోసమే నేను ఇన్నేళ్లుగా ఈ పని వదల్లేదు.

పాప గురించి. నాలుగేళ్ల పిల్ల పది నిమిషాలు కూర్చుందంటే బాగానే కూర్చున్నట్టు. ఆ వయసు పిల్లలకి బొమ్మ పూర్తి చేయడం పనే కాదు, చింపడం, కుక్కడం, చిల్లులోంచి వస్తువులు వేయడం, టేపు అంటించడం ఇవే పని. అన్నయ్య పక్కన కూర్చోబెట్టి అదే రాకెట్ చేయమంటే ఇద్దరికీ చికాకే. పెద్ద పెట్టె ఒకటి ఇవ్వండి, దానికి మీరు రెండు మూడు కంతలు కోసి పెట్టండి. చేత్తో చిరిగే కాగితం టేపుని చిన్న చిన్న ముక్కలుగా చింపి బల్ల అంచుకి వరసగా అంటించి పెట్టండి, తనే ఒక్కొక్కటి పీకి ఎక్కడ కావాలంటే అక్కడ అంటించుకుంటుంది. టేపు మొత్తం ఇస్తే వేళ్లకి చుట్టుకుని ఏడుస్తుంది. కత్తెర మొన గుండ్రంగా ఉన్నది ఇచ్చి మొదట అంచుకి ఒక్కో గాటు పెట్టనివ్వండి, గీత వెంట కోయడం తర్వాత. బొటనవేలు పైకి ఉండాలి, కత్తెర కదలదు, కాగితమే తిరగాలి. ఎడమ చేతి పిల్లయితే ఎడమ చేతి కత్తెరే కావాలి, మామూలు కత్తెర ఎడమ చేత్తో పట్టుకుంటే బ్లేడ్లు దగ్గరకి రావు, కాగితం తెగకుండా మడత పడిపోతుంది, గీత కూడా బ్లేడు చాటున పడి కనపడదు. చేతకాదని తిట్లు తిన్న ఎడమ చేతి పిల్లల్ని ఎందర్నో చూశాను, కత్తెర మార్చగానే అందరిలాగే కోశారు. బాబుకి అట్ట కోసే కట్టర్ ఇప్పుడే వద్దు, తొమ్మిది పదేళ్లు వచ్చాక స్టీలు స్కేలు పట్టించి, పట్టుకున్న చెయ్యి బ్లేడు దారిలో లేకుండా, మీరు పక్కనే ఉండి మొదలుపెట్టండి.

కొన్ని వస్తువులు మాత్రం మీరు దాచే సామానులోకి రానే కూడదు. మందుల సీసాలు, పురుగుమందుల డబ్బాలు, బాత్రూమ్ క్లీనర్ డబ్బాలు ఎంత కడిగినా వద్దు. మూత చుట్టూ పదునుగా తెగిన రేకు డబ్బాలు, పాత సీడీలు, బల్బులు వద్దు. పాట పాడే గ్రీటింగ్ కార్డులు చాలా ఇళ్లలో దాచుకుంటారు, వాటిలో బటన్ బ్యాటరీ ఉంటుంది, పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది, కార్డు ఇచ్చేముందే తీసేయండి. పాత బొమ్మల్లోంచి ఊడిన చిన్న అయస్కాంతాలు కూడా అంతే, రెండు మింగితే పేగుల మధ్య అతుక్కుంటాయి. షాపు బిల్లుల కాగితం మీద గోరుతో గీకితే నల్లగీత పడుతుందా, అది వేడితో ప్రింటయ్యే కాగితం, దానికి పూసే పూతలో బిస్ఫినాల్ ఏ అనే రసాయనం వాడతారు, యూరప్ దేశాలు 2020 జనవరి నుంచి దాన్ని అందులో దాదాపుగా ఆపేశాయి, గుజ్జుకి అది వాడకండి. గుడ్ల ట్రేలకి మరకలుంటే పారేయండి, కాగితం ట్రే కడగడానికి కుదరదు కదా. బెలూన్ల మీద కాగితం పొరలు వేయడం అందరికీ ఇష్టమే, అయితే పగిలిన బెలూన్ ముక్కలు పెద్ద పిల్లలకి కూడా గొంతులో అడ్డం పడతాయి, పగిలిన వెంటనే ప్రతి ముక్కా ఏరేయండి. మూడేళ్ల లోపు పిల్లలు ఇంట్లో ఉంటే టాయిలెట్ పేపర్ గొట్టంలోంచి జారిపోయే ఏ వస్తువూ వాళ్లకి అందకూడదు, కొలవడానికి అదే ఈజీ.

సీసా కోసిన అంచు కోసుకుంటుందని చాలామంది భయపడతారు. కోయడం పెద్దవాళ్లే కోయాలి, ఆ తర్వాత ఇస్త్రీ పెట్టె వేడి చేసి మీద బేకింగ్ పేపర్ పరిచి కోసిన అంచుని రెండు మూడు సెకన్లు ఆనిస్తే అంచు లోపలికి ముడుచుకుని మొద్దుబారుతుంది. కిటికీ తీసి పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఇది 1వ నంబరు సీసాలకే.

ఇక మీరేం చేయాలి అంటే, మీదొకటి మీరు చేసుకోండి. నిజంగా చెప్తున్నా. పిల్లల పక్కన ఖాళీ చేతులతో కూర్చుంటే మన చేతులు ఊరుకోవు, వాళ్ల బొమ్మ మీదకే వెళ్తాయి. మీ ముందు మీ అట్టముక్క ఉంటే వాళ్లకి కావాల్సింది మీ దగ్గర చూసి తీసుకుంటారు. పూర్తయ్యాక "ఇదేంటి?" అని అడగకండి, చాలాసార్లు వాళ్లకే ఇంకా తెలియదు, "ఇది ఇక్కడ ఎలా నిలబెట్టావు?" అని అడగండి, అప్పుడు చెప్పడానికి వాళ్ల దగ్గర బోలెడుంటుంది. బహుమతి ఆశ చూపించకండి. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు, బొమ్మలు గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, కొన్నాళ్ల తర్వాత ఖాళీ టైంలో పెన్నులు మామూలుగా పెడితే, ఏమీ చెప్పని పిల్లలతో పోలిస్తే దాదాపు సగం టైమే గీశారు. ఇష్టంగా చేసే పని కూలి పని అయిపోయింది. చెప్పకుండా ఇచ్చిన వాళ్లలో ఆ తేడా రాలేదు, కాబట్టి అప్పుడప్పుడు సంతోషంతో ఏదైనా ఇస్తే తప్పులేదు.

సామాను ఎంత దాచాలి అంటారా, ఒకే ఒక్క పెట్టె. నిండితే కొత్తది రావాలంటే పాతది పోవాలి, ఏది పోవాలో పిల్లలే తేల్చనివ్వండి. అట్టపెట్టెలు విప్పి చదును చేసి మంచం కిందో బీరువా వెనకో పెట్టేయొచ్చు. పాల అట్టడబ్బాల్లో కాగితం, ప్లాస్టిక్, అల్యూమినియం పొరలుంటాయి, విప్పి కడిగి ఆరబెట్టకపోతే రెండు రోజుల్లో కంపు కొడుతుంది, ఆరాక మాత్రం నీళ్లలో తేలే పడవలకి దాన్ని మించింది లేదు. సైమన్ నికల్సన్ అనే ఆయన 1971లో ఒక మాట రాశాడు, పిల్లల చుట్టూ కదిలించగల, కలపగల, విడదీయగల రకరకాల వస్తువులు ఎంత ఎక్కువుంటే వాళ్ల సృజన అంత ఎక్కువగా బయటికి వస్తుందని. రకాలు అన్నాడండీ, ఇరవై ఒకేలాంటి సీసాలు కాదు. రెండు సీసాలు, నాలుగు మూతలు, పాత చొక్కా గుండీలు, ఒక జిప్పు, ఉన్ని దారం, మూల ముక్కల డబ్బా ఉంటే నెల గడిచిపోతుంది.

మెరుపుల పొడి మాత్రం కొనకండి. అదంతా సన్నటి ప్లాస్టిక్, ఇంట్లోంచి పోదు, కాలవలోకి పోతుంది, యూరప్‌లో విడిగా అమ్మే ప్లాస్టిక్ మెరుపుల పొడిని 2023 అక్టోబర్ నుంచి ఆపేశారు. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. శుభ్రమైన అట్టపెట్టె పాత కాగితాలతో పాటు వేస్తే మళ్లీ కాగితం అవుతుంది. దానికి గమ్ గడ్డలు, టేపు, ప్లాస్టిక్ పూసలు, మెరుపులు కలిపి అంటించామంటే మళ్లీ కాగితం అయ్యే అట్టని మనమే చెత్త చేసినట్టు. గాడి, కట్టు, కీలు అతుకులతో చేసింది ఆడుకున్నాక విప్పేయొచ్చు, అట్ట అట్టగా, మూత మూతగా, దారం దారంగా మళ్లీ పెట్టెలోకి వస్తుంది. నేను గమ్ కన్నా గాడిని ఎక్కువ ఇష్టపడేది అందుకే. విప్పడం అంటే పిల్లలకి బాధ అనుకుంటాం, ముందు ఒక ఫోటో తీసుకుని "నువ్వే విప్పుతావా" అంటే ఎగిరి గంతేస్తారు, ఎలా కట్టారో కూడా విప్పేటప్పుడే బాగా అర్థమవుతుంది.

ఈ శనివారం కొత్తదేం మొదలుపెట్టొద్దు. అల్మారా పైనున్న ఆ రాకెట్ కిందికి దించి బాబు చేతికివ్వండి, "నాకు సరిగ్గా రాలేదు, విప్పి చూద్దామా" అనండి. రెక్కలన్నీ పీకేయనివ్వండి. సీసా బదులు అట్టగొట్టం ఒకటి ఇవ్వండి, దాని కింది అంచు నుంచి పైకి రెండు గాట్లు ఎదురెదురుగా, వాటికి అడ్డంగా ఇంకో రెండు ఎదురెదురుగా పెట్టాలి, గొట్టం పల్చనిదే కాబట్టి వాటిని రెక్క అట్ట మందమంత వెడల్పు చేయాలి. గొట్టం కన్నా వెడల్పుగా రెండు రెక్క అట్టలు, ఒకదానికి పై నుంచి, ఒకదానికి కింద నుంచి సగం దాకా గాడి, రెండూ ఒకదాంట్లో ఒకటి దూర్చి గొట్టం కింద నుంచి పైకి తోస్తే రాకెట్ నాలుగు రెక్కల మీద నిలబడుతుంది, గమ్ లేకుండా. మీరొకటి చేసుకోండి పక్కన. వాడి మొదటి గాడి మరీ పెద్దదైపోయి రెక్క ఊగితే ఊగనివ్వండి, రెండో రెక్కకి వాడే పెన్సిల్ తెచ్చుకుని అట్ట అంచు చుట్టూ గీసుకుంటాడు.